గానమునకు కవచము

ఒక సంగీత బృందము నెలల తరబడి శ్రమించి, పదియో పండ్రెండో పాటలను కూర్చి, ధ్వనిముద్రణము ముగించి, తుది ప్రతిని విని తృప్తి చెందిన పిదప, వారి యెదుట నిలుచు ప్రశ్న అంతవరకు ఎదురైన ప్రశ్నలన్నిటికంటెను తేలికయైనదిగా తోచును: ఈ పాటలను శ్రోత చేతికి ఏ రూపమున అందింపవలెను? రికార్డుగానా, సి.డి.గానా, క్యాసెట్టుగానా? ప్లాస్టిక్ పెట్టెలోనా, అట్ట తొడుగులోనా? సాధారణముగా బృందమువారు ఈ ప్రశ్నను చిత్రకారునికి అప్పగించి తాము తరువాతి కచేరీ సన్నాహములలో మునిగిపోవుదురు; చిత్రకారుడు కంటికి ఇంపైన బొమ్మను గీసి, అది చక్కగా అమరు ఆకారమును ఎన్నుకొనును. ఇందులో దోషమేమియు లేనట్లు కనిపించును గాని, నా దృష్టిలో ఈ ప్రశ్న మొదట పదార్థ విజ్ఞానమునకు చెందినది, ఆ తరువాతనే చిత్రకళకు చెందినది. ధ్వనిని మోయు ప్రతి వస్తువునకును ఒక మర్మస్థానము కలదు. అచ్చట దెబ్బ తగిలెనా, పాట చెడును. ఆ మర్మస్థానము ఎచ్చట నున్నదో ఎరిగి, దానిని కాచునట్టి తొడుగును ముందుగా ఎన్నుకొని, బొమ్మను ఆ తొడుగునకు తగినట్లు గీయించుటయే సరియైన క్రమము.

పాటలు అదృశ్య తరంగములుగా చేతిలోని ఫోనునకే వచ్చి చేరుచున్న యీ కాలమున ఇంక తొడుగుల చర్చ ఎందుకని అడుగువారు ఉండవచ్చును. అట్టివారికి ఒక్క సంగతి చాలును. అమెరికాలో 2022వ సంవత్సరమున వినైల్ రికార్డులు సుమారు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడు కాగా, సి.డి.లు సుమారు 3 కోట్ల 30 లక్షలు మాత్రమే అమ్ముడైనవి. రికార్డుల సంఖ్య సి.డి.ల సంఖ్యను మించుట 1987 తరువాత అదియే మొదటిసారి. వినుటకు ఫోను చాలునని తెలిసియు, చేతిలో పట్టుకొని, త్రిప్పి చూచి, అరలో దాచుకొనదగిన వస్తువును జనులు కోరుచునే యున్నారు. తెలుగునాట కూడ హైదరాబాదులోని చౌరస్తా వంటి బృందములు తమ స్వంత గీతములతో శ్రోతలను కూడగట్టుకొనిన ఈ దినములలో, కచేరీ ముగిసిన వెంటనే శ్రోత కొని యింటికి తీసికొనిపోదగిన వస్తువు ఎట్లుండవలెనను ప్రశ్న మనకును అవసరమైనదే.

ఈ తొడుగుల కథకు మూలము లక్క. ఎమిల్ బెర్లినర్ 1887లో చదునైన బిళ్లపై ధ్వనిని గీయు పద్ధతిని కనిపెట్టిన తరువాత, కొలది యేండ్లలోనే రికార్డుల తయారీకి లక్క ప్రధాన ద్రవ్యమైనది. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై నివసించు సూక్ష్మ కీటకముల స్రావమే లక్క; నేటి జార్ఖండ్ ప్రాంతపు అడవులు దానికి ప్రసిద్ధములు. ఆ లక్కతో రాతిపొడిని, మసిని కలిపి వేడిచేసి అచ్చొత్తినప్పుడు నల్లని గట్టి బిళ్ల తయారగును. 1902లో ధ్వనిముద్రకుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి గానమును గ్రహించినప్పుడు, ఆ ముద్రణలు జర్మనీలోని హానోవరునకు ఓడపై పోయి, అచ్చట రికార్డులై తిరిగివచ్చినవి. మన అడవులలో పుట్టిన లక్క సముద్రములు దాటి, మన గాయకుల గొంతును తనయందు నింపుకొని మన యిండ్లకు మరల వచ్చుట తలచుకొన్నకొలది ఆశ్చర్యము గొలుపును. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసిన తరువాత ఈ ప్రయాణము తప్పినది.

లక్క రికార్డు గాజువలె పెళుసైనది. క్రింద పడిన పగులును, ఒకదానిపై నొకటి పేర్చిన బీటవారును. నిమిషమునకు 78 సార్లు తిరుగు పది అంగుళముల రికార్డుపై ఒక్కొక వైపున మూడు నిమిషముల పాట మాత్రమే పట్టెడిది గావున, దీర్ఘమైన పాశ్చాత్య వాద్యకృతి యొకటి వినవలెనన్న నాలుగైదు రికార్డులు కావలసివచ్చెడివి. వానిని విడివిడిగా కాగితపు సంచులలో నుంచి, ఆ సంచులను పుటలుగా కుట్టి, గట్టి అట్టలతో పుస్తకమువలె కట్టి అమ్మిరి. ఆల్బమ్ అను వస్తువు ఇట్లు పుట్టినది. దానిని పుట్టించినది అలంకారేచ్ఛ కాదు, పదార్థము యొక్క పెళుసుదనము. అప్పటి అట్టలు గోధుమవన్నెలోనో బూడిదవన్నెలోనో ఉండి, పేరు తప్ప వేరేమియు లేక, దుకాణములలో వీపు త్రిప్పుకొని నిలుచుచుండెడివి. 1940 ప్రాంతమున కొలంబియా సంస్థలోని యువ చిత్రకారుడు అలెక్స్ స్టైన్‌వైస్, ఆ అట్టలపై సంగీతపు స్వభావమును సూచించు రంగుల చిత్రములను వేయవలెనని పట్టుపట్టి సాధించెను. రికార్డు అట్టకు చిత్రకళ అబ్బినది అప్పటినుండియే.

ఈ స్టైన్‌వైస్ జీవితములో చిత్రములకంటె నాకు ముఖ్యముగా తోచు ఘట్టము మరియొకటి కలదు. 1948 జూనులో కొలంబియావారు నిమిషమునకు 33⅓ సార్లు తిరుగు పండ్రెండంగుళముల వినైల్ రికార్డును, అనగా ఎల్.పి.ని, లోకమునకు చూపిరి. లక్క రికార్డుకంటె దీని గాడులు అత్యంత సూక్ష్మములు. మొదట దానిని దళసరి గోధుమరంగు కాగితమును మడిచి చుట్టి ఉంచగా, రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చినప్పుడు ఆ మడతల గుర్తులు మెత్తని వినైల్‌పై పడి గాడులను చెడగొట్టుచున్నట్లు తేలినది. పలుచని అట్టను మడిచి అంటించి, దానిపై అచ్చువేసిన కాగితమును పొదిగి, నేటికిని మనము చూచు ఎల్.పి. తొడుగును స్టైన్‌వైస్ రూపొందించెను. బొమ్మలు వేయు మనిషియే పదార్థము యొక్క బాధను గుర్తించి దానికి తగిన కవచమును కల్పించుట ఈ కథలోని విశేషము. అట్టి చిత్రకారుడు దొరికిన బృందము అదృష్టము గలది.

ఇప్పుడు వినైల్ రికార్డు సంగతినే విచారింతము. పాలీవినైల్ క్లోరైడ్ (పి.వి.సి.) ప్రధానముగా గల ఈ బిళ్లపై ధ్వని ఒక సర్పిలాకారపు గాడిలో గోడల వంపులుగా నిలిచియుండును. సూది ఆ గోడలను తాకుచు పోవును. ఇక్కడ మొదటి నియమము కాలపరిమితి. ఒక్కొక వైపున ఇరువది నిమిషముల సంగీతము సుఖముగా ఇముడును. ఇరువదియైదు దాటినచో గాడులను దగ్గరగా జరుపవలసివచ్చి, ధ్వని బలము తగ్గింపవలసి యుండును. రెండవ నియమము దానికంటె సూక్ష్మమైనది. బిళ్ల తిరుగు వేగము అంతటను ఒక్కటే యైనను, వెలుపలి అంచున సూది క్రింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి నడువగా, కేంద్రమునకు సమీపమున సుమారు 21 సెంటీమీటర్లు మాత్రమే నడుచును. అనగా ఒకే సెకను ధ్వనిని సగముకంటె తక్కువ చోటులో ఇరికింపవలెను. అందువలన వైపు చివర వచ్చు పాటలో తీవ్రమైన తాళధ్వనులు, సకార శకారములు గరగరలాడు ప్రమాదము కలదు. అనుభవజ్ఞులు ప్రతి వైపునకును చివర మృదువైన పాటనే ఉంచుట ఇందువలననే. ఏబది నిమిషముల సంగీతము గల బృందము రికార్డు కోరినయెడల రెండు బిళ్లలు, రెండు జేబుల పెద్ద అట్ట, రెట్టింపు బరువు, రెట్టింపునకు సమీపమైన వ్యయము తప్పవు. కనుక తొడుగు ఎంపిక, చిత్రకారుని బల్లమీద కాక, పాటల నిడివిని లెక్కించు దినముననే ఆరంభమగుచున్నది.

రికార్డు మర్మస్థానము దాని ఉపరితలమే. ఏలయన పాట అంతయు ఆచ్ఛాదన లేక పైననే యున్నది. దానికి తగులునది అట్ట కాదు, అట్టలోపలి సంచి. ఇంతటి ముఖ్యమైన యీ సంచిని గూర్చి బృందములు ఆలోచించుట మిక్కిలి అరుదు. వినైల్ రాపిడి వలన ఋణవిద్యుదావేశమును సులభముగా పొందు పదార్థములలో నొకటి. కాగితపు సంచిలోనుండి బిళ్లను బయటికి లాగిన ప్రతిసారియు ఆ రాపిడికి అది ఆవేశితమై గదిలోని ధూళిని తనవైపు ఆకర్షించుకొనును. ఆ ధూళి గాడిలో చేరి చిటపటలాడును. దానికితోడు ముతక కాగితపు నారలు మెరుగును కెలుకును. పాలిథీన్ పొరతో అస్తరు వేసిన సంచి ఈ రెండు బాధలను చాలవరకు తగ్గించును. ఇందులోను జాగ్రత్త వలయును: పైతొడుగుగా వాడు మెత్తని పి.వి.సి. సంచులలో ఆ మెత్తదనము కొరకు కలిపిన తైలద్రవ్యములు కాలక్రమమున బయటికి వచ్చి రికార్డుపై మసక పొరను ఏర్పరచును. మెరుపు చూచి వానిని కొనరాదు.

బరువు విషయమున ఒక భ్రమ ప్రచారములో నున్నది. 180 గ్రాముల దళసరి రికార్డు శ్రేష్ఠమనియు, 140 గ్రాములది సామాన్యమనియు వాణిజ్య ప్రకటనలు చెప్పును. గాడి లోతు రెంటిలోను ఒక్కటే. దళసరి బిళ్ల వంగుటకు కొంత తక్కువ లోనగునేమో గాని, తపాలాలో ప్రయాణించునప్పుడు అదే బరువు అట్ట అంచుపై లోపలినుండి కొట్టి అతుకును చీల్చును. అందువలననే తెలిసినవారు రికార్డును తపాలాలో పంపునపుడు దానిని సంచితో సహా అట్టనుండి వెలికితీసి, అట్ట వెనుక నుంచి, రెంటిని కలిపి కట్టుదురు.

ఇంక మన దేశపు ఎండ. రికార్డు తయారుచేయు వినైల్ మిశ్రమము 60 డిగ్రీలు దాటిన తరువాత మెత్తబడ నారంభించును. రెంటచింతలలోనో రామగుండములోనో వేసవి మధ్యాహ్నమున నీడలోనే 45 డిగ్రీలు నమోదగు దినమున, ఎండలో నిలిపిన కారులోపలి వేడి ఆ హద్దును సులభముగా దాటును. కచేరీలకు ఊరూర తిరుగుచు సరుకును బండిలో నుంచుకొను బృందము దీనిని మరువరాదు. సి.డి. తయారగు పాలీకార్బొనేట్ మెత్తబడుటకు సుమారు 145 డిగ్రీలు కావలెను. వేడికి ఓర్చు గుణమున రెంటికిని హస్తిమశకాంతరము కలదు.

అందము కొరకు మర్మస్థానమును మరచిన తొడుగుల చరిత్ర ఆసక్తికరమైనది. 1968లో ఇంగ్లండునకు చెందిన స్మాల్ ఫేసెస్ బృందము తమ ఆల్బమ్‌ను పొగాకు డబ్బా పోలికలో గుండ్రని రేకు డబ్బాలో పెట్టి విడుదల చేసిరి. చూచుటకు ముచ్చటైన వస్తువే. కాని రేకు ఖరీదు అధికమగుటయే గాక, గుండ్రని డబ్బాలు దుకాణపు అరలపై నిలువక దొర్లిపడుచుండెను. త్వరలోనే వారు అట్టకు మరలవలసివచ్చెను. 1971లో రోలింగ్ స్టోన్స్ బృందపు స్టికీ ఫింగర్స్ ఆల్బమ్ అట్టపై, ఆండీ వార్హాల్ ఊహ ననుసరించి, నిజమైన లోహపు జిప్పును అమర్చిరి. రికార్డులను దొంతరలుగా పేర్చి రవాణా చేయగా, ఒక అట్టపై జిప్పు మరియొక రికార్డును నొక్కి సొట్టపెట్టినది. పరిష్కారము మాత్రము ప్రశంసనీయము: కర్మాగారముననే జిప్పును సగమువరకు క్రిందికి లాగి ఉంచిరి, అప్పుడు దాని పిడి ఒత్తిడి గాడులు లేని మధ్య చీటీపై పడినది. అట్ట మారలేదు, బొమ్మ మారలేదు. మర్మస్థానము మాత్రము తప్పుకొన్నది. 1980లో మాంచెస్టరునకు చెందిన ఫ్యాక్టరీ రికార్డ్స్‌వారు డురుటి కాలమ్ బృందపు తొలి ఆల్బమ్‌ను గరుకు కాగితపు తొడుగులో, అనగా కొయ్యను నునుపుచేయు ఉప్పుకాగితములో పెట్టిరి. ప్రక్కనున్న రికార్డుల అట్టలను గీయుటయే దాని యుద్దేశము! ఫ్రెంచి రచయిత గి దెబోర్ 1950ల చివర తన పుస్తకమునకు అట్టి కాగితపు అట్టనే వేయించిన సంగతి వారికి స్ఫూర్తి. కళాచరిత్రలో దానికి స్థానము ఉండవచ్చును. ఇతరుల సంగీతమును గాయపరచు తొడుగును మాత్రము నేను మెచ్చుకొనలేను. అదే సంస్థ 1983లో న్యూ ఆర్డర్ బృందపు బ్లూ మండే రికార్డునకు పీటర్ సావిల్ రచించిన, రంధ్రములు కోసిన తొడుగు అచ్చు ఖర్చు ఎంత యెక్కువయ్యెనన్న, అమ్మిన ప్రతి ప్రతిపైనను నష్టము వచ్చెనని ప్రతీతి. ప్రత్యేకమైన కోతకు చేయించు ఇనుప అచ్చు మూడువందల ప్రతులకైనను మూడువేల ప్రతులకైనను ఒకే వెల. చిన్న బృందములు ఈ లెక్కను ముందే వేసికొనవలెను.

సి.డి. విషయమున మర్మస్థానము జనులు తలచు చోట లేదు. 1982 అక్టోబరున జపానులో విపణికి వచ్చిన ఈ బిళ్ల 12 సెంటీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము కలది. కాంతి ప్రవేశించు మెరయు వైపునే అందరును భద్రముగా చూచుకొందురు. కాని ఆ వైపున మిల్లీమీటరునకు మించిన పారదర్శక పాలీకార్బొనేట్ రక్షణగా నున్నది. లేజరు కిరణము ఉపరితలమును దాటునపుడు ఇంకను వెడల్పుగా నుండి, లోపలి పొరపై మాత్రమే బిందువుగా కేంద్రీకృతమగును గనుక, పైనున్న ధూళి, చిన్న గీతలు దానికి స్పష్టముగా కనబడవు. అంతేగాక, పోయిన సంకేతములను గణితముచేత తిరిగి పొందు ఏర్పాటు ఉండుటచే, గాడి పొడవున రెండున్నర మిల్లీమీటర్ల వరకు సంకేతము పూర్తిగా లోపించినను పాట చెక్కుచెదరదు. నిజమైన సుకుమార స్థానము పేరు అచ్చువేసిన పైవైపు. అచ్చట మిల్లీమీటరులో పదివేలవ వంతుకంటెను పలుచని అల్యూమినియపు పొరయు, దానిపై నూరవ వంతు మందమైన లేని లక్కపూతయు, దానిపై సిరాయు మాత్రమే యున్నవి. ఆ వైపున పడిన లోతైన గీత లోహపు పొరనే చీల్చివేయును; దానిని ఏ గణితమును మరమ్మతు చేయజాలదు.

ఈ బిళ్లకు పీటర్ డూడ్సన్ రూపొందించిన ప్లాస్టిక్ పెట్టె, జువెల్ కేస్ అని ప్రసిద్ధమైనది, ఒక విధముగా మహత్తరమైన కల్పన. మధ్యనున్న పండ్లు బిళ్లను రంధ్రము వద్ద మాత్రమే పట్టుకొని, రెండు ముఖములను దేనికిని తగులనీయక గాలిలో నిలుపును. వెనుక కాగితము ఇరువైపుల మడువబడి రెండు వీపులను ఇచ్చుటచే, అరలో నిలబెట్టినపుడు పేరు కనబడును. దాని లోపము పదార్థములో నున్నది: పాలీస్టైరీన్ స్ఫటికమువలె నిర్మలము, చవుక, కొలతలు తప్పక అచ్చగును; కాని పెళుసు. మూతను పట్టియుంచు సన్నని చేతులు ఒక్క పతనముతో విరుగును. పదునైదు గ్రాముల బిళ్ల కొరకు మొత్తము నూరు గ్రాముల పొట్లము తయారగుట మరియొక లోపము. ఐనను దీనికి ఏ ఇతర తొడుగునకును లేని సుగుణమొకటి యున్నది. ప్రపంచమంతటను ఒకే కొలత గావున, పెట్టె విరిగినచో దానిని పారవైచి మరియొక ఖాళీ పెట్టెలోనికి పుస్తకమును, కాగితమును, బిళ్లను మార్చుకొనవచ్చును, కళాకృతి చెడదు.

ఈ పెట్టెను కూడ అమెరికా వర్తకులు మొదట మరియొక పెట్టెలో పెట్టిరి. ఎల్.పి.ల కొరకు చేయించిన అరలలో చిన్న పెట్టెలు మునిగిపోవుచుండుటచే, పండ్రెండంగుళముల పొడవును, సుమారు ఆరంగుళముల వెడల్పును గల అట్టడబ్బాలలో సి.డి.లను అమ్మిరి, రెండు డబ్బాలు ప్రక్కప్రక్కన ఒక ఎల్.పి. చోటులో సరిపోయెడివి. కొనినవాడు ఇంటికి పోవుటతోనే ఆ డబ్బాను పారవైచెడివాడు. ఈ వ్యర్థమును సంగీతకారులును, పర్యావరణ ప్రేమికులును నిరసింపగా 1993 ఏప్రిలులో ఆ యాచారము అంతరించినది. ప్లాస్టిక్కునకు ప్రత్యామ్నాయముగా అట్టను మడిచి, లోపల ప్లాస్టిక్ పళ్లెమును అంటించిన డిజిపాక్ అను రూపము ఈ లోపుననే వ్యాపించినది. చేతికి మృదువు, కంటికి హుందా. ఎందరో బృందముల వాంఛ అదియే. నేను మాత్రము దానిని సమర్థింపజాలను. అట్ట అంచుల చిరుగుదల, మూలల నలుగుదల దానిలో నున్నవి. ప్లాస్టిక్ పండ్ల పెళుసుదనమును దానిలో నున్నది. పండ్లు విరిగిన నాడు మార్చుకొను వీలు మాత్రము లేదు. రెండు పదార్థముల దోషములను గ్రహించి, మరమ్మతు అను గుణమును విడిచిన కల్పన అది.

తొడుగే బిళ్లను తినివేసిన ఉదంతము ఒకటి ఇక్కడ చెప్పదగియున్నది. ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ పట్టణమున ఫిలిప్స్, డ్యూపాంట్ సంస్థల ఉమ్మడి కర్మాగారములో 1988 మొదలు 1993 వరకు తయారైన కొన్ని సి.డి.లు కొలది యేండ్లలో అంచునుండి లోపలికి కంచురంగునకు మారి, క్రమముగా మూగపోయినవి. కారణమును వెదుకగా, ఆ బిళ్లలపై అల్యూమినియమునకు బదులు వెండి పూత వాడబడినదనియు, పైనున్న లక్కపూత తొడుగుల కాగితములోని గంధకమును అడ్డగింపలేకపోయినదనియు తేలినది. వెండిని గంధకము తాకినచో నల్లబడునని మన యిండ్లలోని వెండి పాత్రలను తోము ప్రతి గృహిణికిని తెలియును. సంస్థవారు బాధ్యత వహించి చెడిన బిళ్లలకు మారుగా క్రొత్తవి ఇచ్చిరి. నిర్జీవమని మనము తలచు కాగితము కూడ రసాయన వస్తువే. బిళ్లను ఏండ్లకొలది ఆనుకొనియుండు కాగితము గంధకము లేనిదిగా, ఆమ్లరహితమైనదిగా ఉండునను వాగ్దానమును బృందమువారు అచ్చువానినుండి అడిగి తీసికొనవలెను.

క్యాసెట్టును గూర్చి దీర్ఘముగా వ్రాయ నక్కరలేదు. 1963లో ఫిలిప్స్‌కు చెందిన లూ ఓటెన్స్ బృందము బెర్లినులో ప్రదర్శించిన ఈ చిన్న పెట్టెలో 3.81 మిల్లీమీటర్ల వెడల్పు గల టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుచును. ముప్పది నిమిషములకు సుమారు 86 మీటర్లు కావలెను. టేపు పొడవు పెరిగినకొలది మందము తగ్గింపవలెను గనుక, 120 నిమిషముల క్యాసెట్టులో టేపు సన్నబడి సులభముగా చిక్కుపడును. దీని మర్మస్థానము టేపు చుట్టల వదులుదనము. ప్రయాణములో చక్రములు తిరిగి టేపు సడలినచో యంత్రము దానిని నమలును. క్యాసెట్టు ప్లాస్టిక్ పెట్టె లోపల రెండు మొలకలు నిలిచియుండి చక్రములను కదలకుండ పట్టుకొనుట ఇందువలననే. నేడు కొందరు అందము కొరకు ఆ మొలకలు లేని అట్ట తొడుగులలో క్యాసెట్టులను అమ్ముచున్నారు. అది తగదు.

అట్ట తొడుగును ఎన్నుకొను బృందము ఇంక కాగితపు స్వభావమును తెలిసికొనవలెను. యంత్రముపై కాగితము తయారగునపుడు నారలలో అధిక భాగము ఒకే దిశన పరుండును. తేమ తగిలినప్పుడు నార పొడవున కొంచెమే పెరిగి, అడ్డముగా ఎక్కువ ఉబ్బును. కనుక అట్టను నారల దిశ వెంట మడిచినచో మడత నిలుచును. అడ్డముగా మడిచినచో మడతపై రంగు పగిలి తెల్లని గీత బయటపడును. నల్లని లేక ముదురు రంగు అట్టలపై ఈ గీత మరింత ప్రస్ఫుటమగును. అట్టకు ఒకవైపు మాత్రమే ప్లాస్టిక్ పొర అంటించినచో, ఆ వైపు తేమను గ్రహింపక, రెండవ వైపు గ్రహించి ఉబ్బుటచే, అట్ట విల్లువలె వంగును. విశాఖపట్టణము, మచిలీపట్టణము వంటి తీరప్రాంతములలో వర్షాకాలమున ఈ వంపు వారముల లోపలనే కనబడును. గాలిలో తేమ నూటికి డెబ్బది పాళ్లు దాటి నిలిచిన గదులలో అట్టపై బూజును పుట్టును. గంజి కలిసిన జిగురు చెదలకును, వెండి పురుగులకును ప్రీతికరము. ఇవి యన్నియు చలిదేశపు పుస్తకములలో కానరాని జాగ్రత్తలు గాని, తెలుగుదేశమున ఒక వస్తువు ఇరువదియేండ్లు బ్రతుకవలెనన్న తప్పనివి.

పై విషయములన్నిటిని తూచి చూచినచో, తొలి ఆల్బమ్ వెలువరించు తెలుగు బృందమునకు నేను చెప్పునది ఇది. మీ సంగీతము నలుబది నిమిషములలోపు ఉండి, మీ శ్రోతలలో రికార్డు యంత్రములు గలవారు ఉన్నారని నిశ్చయముగా ఎరిగినచో, ఒక్క జేబు గల సాదా ఎల్.పి. తొడుగును, అస్తరుగల లోపలి సంచిని కోరుడు. ప్రత్యేక కోతలకు వ్యయించు ధనమును ఆ సంచికి వ్యయింపుడు. లేనియెడల సి.డి.యే శ్రేయస్కరము. కచేరీలలో అమ్ముటకు చదరపు మీటరునకు 300 లేక 350 గ్రాములు తూగు అట్టతో, వీపు గల రెండు జేబుల తొడుగును చేయింపుడు: ఒక జేబులో బిళ్ల, రెండవ దానిలో పాటల పుస్తకము. బిళ్ల జేబు బిగుతుగా ఉండరాదు. బిళ్లకు పలుచని మెత్తని లోసంచి వేరుగా ఉండవలెను. ఈ అట్ట తొడుగు ప్లాస్టిక్ పెట్టె బరువులో సగము కూడ లేక, తపాలాలో పగులక పోవును. గ్రంథాలయములకును, ఆకాశవాణికిని, మీ స్వంత భాండారమునకును కొన్ని ప్రతులను మాత్రము జువెల్ కేసులలోనే ఉంచుడు. ఈ రెండింటిని ఒకే వస్తువులో కలుపు ఉపాయమును రేడియోహెడ్ బృందము తమ ఇన్ రెయిన్‌బోస్ ఆల్బమ్ సి.డి. విషయమున చూపిరి: అట్ట తొడుగులో బిళ్లను, పుస్తకమును, అంటించు చిత్రములను ఇచ్చి, కోరిన శ్రోత ఖాళీ ప్లాస్టిక్ పెట్టెపై వానిని తానే అంటించి అట్టను కూర్చుకొనునట్లు చేసిరి. ఇటీవల నేను చూచిన తొడుగుల ఆలోచనలలో ఇంత వివేకవంతమైనది మరియొకటి లేదు.

పుస్తకము పుటల సంఖ్య నాలుగుచే భాగింపబడునట్లు ముందే లెక్క చూచుకొనుడు. తీగకుట్టు పుస్తకమునకు అది తప్పనిసరి. కొద్ది ప్రతులకై ఇంటి యంత్రముపై కాల్చు సి.డి.లలో కాంతికి చెడు సేంద్రియ రంగుపొర ఉండును గనుక, అమ్మకమునకు అచ్చొత్తిన బిళ్లలనే వాడుడు.

చివరిగా ఒక విజ్ఞప్తి. అట్టపై ఎంతటి చిత్రమున్నను, పాట వ్రాసినవారి, స్వరపరచినవారి, ప్రతి వాద్యమును వాయించినవారి, ధ్వనిని ముద్రించినవారి పేర్లను, ముద్రించిన ఊరిని, సంవత్సరమును, చదువుటకు వీలైన అక్షరములలో అచ్చువేయింపుడు. అందులో ముఖ్యమైన వానిని బిళ్లపైననే అచ్చువేయింపుడు. ఎంత మంచి తొడుగైనను ఏదో యొకనాడు బిళ్లనుండి వేరుపడును. అప్పుడు ఆ బిళ్ల ఎవరిదో చెప్పుటకు దానిపై నున్న అక్షరములే మిగులును.